గాజు చెక్క వస్తోందట - చెట్టు పెంచే రైతుకు దక్కేదెంత?

(చెట్ల పంటల రైతుల మండల సదస్సులో మన సంఘ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన వాళ్ళ ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. మీలో సగం మంది చూసే ఉంటారు. ఒక చెక్క పలక చూపిస్తారు. దాని వెనక పువ్వు పెడితే పువ్వు కనపడుతుంది. ఇక కిటికీలకు గాజు అక్కర్లేదు, ఈ చెక్కే వస్తుంది, కరెంటు ఐదు రెట్లు ఆదా అవుతుంది, చెట్లు ఉన్న రైతు రాజు అవుతాడు అని కింద రాస్తున్నారు. అది చూసి మన ఊళ్ళో ఇద్దరు ముగ్గురు "అన్నా, సుబాబుల్ కొట్టకుండా ఇంకో రెండేళ్ళు ఉంచమంటావా?" అని అడిగారు. ఒకాయన మొక్కలకు అడ్వాన్సు ఇవ్వడానికి కూడా సిద్ధమయ్యాడు. అందుకని సంఘం వాళ్ళు ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు.

నేను పదో తరగతి వరకు చదివినవాణ్ణి. చదివి, అడిగి తెలుసుకున్నది చెబుతాను. లెక్కలన్నీ మనం నోటితో వేసుకోగలిగినవే. ఇంటికి పోయి మీరే వేసి చూసుకోండి.

ముందు మూడు మాటలు. ఒకటి, ఈ చెక్క నిజమే, మోసం కాదు. రెండు, కరెంటు ఆదా కూడా ఉంది గానీ, వీడియోలో చెప్పినంత లేదు, మన ఎండలకు ఇంకా తక్కువ. మూడు, దీని వల్ల మన కర్ర ధర పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మి అడ్వాన్సు కట్టొద్దు. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను.

చెక్కలోంచి వెలుగు ఎలా వస్తుంది?

పకోడీల పొట్లం అందరికీ తెలుసు. పొడి కాగితం తెల్లగా ఉంటుంది, అవతల ఏముందో కనపడదు. నూనె అంటిన చోట మాత్రం వెలుగు కనపడుతుంది. నూనె కాగితాన్ని కరిగించలేదు. కాగితం పీచుల మధ్య ఉన్న గాలిని తోసేసి ఆ ఖాళీలో తాను కూర్చుంది. వెలుగు పీచులోంచి గాలిలోకి, గాలిలోంచి మళ్ళీ పీచులోకి దూకేటప్పుడల్లా వంగి చెదిరిపోతుంది. నూనె దాదాపు పీచు లాగే వెలుగును వంచుతుంది కాబట్టి, గాలి స్థానంలో నూనె చేరితే ఆ చెదరడం తగ్గి వెలుగు తిన్నగా పోతుంది. గాజు చెక్క కిటుకు మొత్తం ఇదే.

కర్ర అంటే సన్నటి గొట్టాల కట్ట. గొట్టం గోడలో గట్టి పీచు ఉంటుంది, దాన్ని సెల్యులోజ్ అంటారు. ఆ పీచులను జిగురులాగా పట్టి ఉంచేది లిగ్నిన్. కర్రలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా అదే ఉంటుంది. కర్రకు గోధుమ రంగు ఇచ్చేది ముఖ్యంగా ఆ లిగ్నినే. పలచటి చెక్క పొరను మందులో ఉడికించి ఆ లిగ్నిన్‌ను తీసేస్తారు. పొర తెల్లగా, స్పాంజి లాగా అవుతుంది. తర్వాత గాలి లాగేసి, ఆ ఖాళీల్లోకి ఎపాక్సీ లాంటి ప్లాస్టిక్ జిగురు పోసి గట్టిపరుస్తారు. అంతే, వెలుగు దారి తెరుచుకుంటుంది.

లిగ్నిన్ తీయడం మనకు కొత్త సంగతి కాదు. రాజమండ్రిలో, సారపాకలో మన కర్రతో కాగితపు గుజ్జు చేసేటప్పుడు జరిగేది అదే పని. అక్కడ పీచు విడిపోయేదాకా ఉడికిస్తారు, ఇక్కడ కర్ర ఆకారం చెడకుండా తీస్తారు.

దీన్ని మొదట చేసినాయన జర్మనీ శాస్త్రవేత్త జీగ్‌ఫ్రీడ్ ఫింక్, 1992లో. ఆయనకు కిటికీలతో పనిలేదు, చెట్టు లోపల ఏముందో చూడాలని చేశాడు. తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2016లో రెండు చోట్ల దీన్ని ఇళ్ళకు పనికొచ్చే సరుకుగా తయారు చేసి చూపారు. ఒకటి స్వీడన్‌లో స్టాక్‌హోమ్ కేటీహెచ్ విశ్వవిద్యాలయం, లార్స్ బెర్గ్‌లండ్ బృందం. రెండోది అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం, లియాంగ్‌బింగ్ హూ బృందం. 2021లో మేరీలాండ్ వాళ్ళే ఇంకో సులువు దారి చూపారు. పుండు కడగడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చెక్క మీద పూసి ఎండలో పెడితే, లిగ్నిన్ పోకుండానే దాని రంగు మాత్రం పోతుంది. తర్వాత ఎపాక్సీ పట్టిస్తారు. అదే ఏడాది స్టాక్‌హోమ్ వాళ్ళు కమలా, నిమ్మ జాతి పండ్ల తొక్కల్లో దొరికే లిమోనిన్ అనే నూనెతో చేసిన జిగురు వాడారు. 1.2 మిల్లీమీటర్ల మందాన నూటికి 90 పాళ్ళ వెలుగు వచ్చింది.

ఈ చెక్క గాజు లాగా పగలదు, ముక్కలై గుచ్చుకోదు. బరువు తక్కువ. ఎక్కువ రకాల్లో అవతలి మనిషి ముఖం స్పష్టంగా కనపడదు, వెలుగు మాత్రం మెత్తగా ఇల్లంతా పరుచుకుంటుంది. పాత పెంకుటిళ్ళలో వంటింటి మీద ఒక గాజు పెంకు పెట్టేవాళ్ళు గుర్తుందా? అక్కడికి, పట్టుపురుగుల షెడ్డు కప్పుకి, గోడౌన్ కప్పుకి ఇది బాగా సరిపోతుంది. పగలు బల్బు వేసే పని తప్పుతుంది.

ఇది ఇప్పటికి ప్రయోగశాలల్లో చిన్న చిన్న పలకల దశలోనే ఉంది. ఎండకు ఏళ్ళ తరబడి రంగు మారకుండా నిలవాలి, నిప్పుకు తట్టుకోవాలి, వానకు ఉబ్బకూడదు, ధర గాజుకు దగ్గరగా రావాలి. ఇవన్నీ దాటాకే మన హార్డ్‌వేర్ షాపులోకి వచ్చేది.

"ఐదు రెట్లు ఆదా" లెక్క

ఇప్పుడు కరెంటు సంగతి. ఐదు రెట్లు అనేది గాలిలోంచి పుట్టిన మాట కాదు. వేడిని తనలోంచి పోనిచ్చే గుణం గాజుకు 1 అనుకుంటే ఈ చెక్కకు దాదాపు 0.2. అంటే ఐదో వంతు. అది పదార్థం గుణం. ఇంట్లో ఉండేది పదార్థం కాదు, కిటికీ.

మన కిటికీ గాజు మందం నాలుగు మిల్లీమీటర్లు. అంత పలచటి గాజు వేడిని పెద్దగా ఆపదు. ఆపేది ఎక్కువగా గాజుకు లోపల, బయట అంటుకుని ఉండే పలచటి గాలి పొర. గాజు తీసి అంతే మందం గాజు చెక్క పెట్టినా ఆ గాలి పొరలు అవే ఉంటాయి. మొత్తం కిటికీ లెక్క వేస్తే, లోపలికి దూరే వేడిలో తేడా పదో వంతు కూడా రాదు. అదే రెండు గాజు పలకలు పెట్టి మధ్యలో గాలి బంధిస్తే దాదాపు సగం తగ్గుతుంది. ఈ సరుకు ఇప్పటికే బజార్లో ఉంది. గాజు చెక్క మందం పెంచితే వేడిని ఇంకాస్త ఆపుతుంది. మందం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది.

ఇంకో మాట. స్వీడన్‌లో చలికాలం బయట సున్నాకు పది డిగ్రీలు కింద, ఇంట్లో ఇరవై రెండు. తేడా 32 డిగ్రీలు. మనకు మే నెలలో బయట 42, ఏసీ గదిలో 25. తేడా 17. కిటికీ గుండా పాకే వేడి ఆ తేడాను బట్టే ఉంటుంది. కాబట్టి అక్కడ కలిగే లాభం ఇక్కడ సగమే. పైగా మన బాధ కిటికీ గుండా సూటిగా పడే ఎండతో. వెలుగు రానిచ్చే ఏ పలకైనా ఎండ వేడిని కూడా కొంత రానిస్తుంది, గాజైనా చెక్కైనా. ఎండను కిటికీ దాకా రాకుండానే ఆపాలి. దానికి మన తాతలు వాడినవి ఉన్నాయి - చూరు, వసారా, తాటాకు పందిరి, ఇంటికి పడమర ఒక వేపచెట్టు.

ఈ చెక్కలో మన ఎండలకు నిజంగా పనికొచ్చే గుణం వేరే ఒకటి ఉంది. 2019లో స్టాక్‌హోమ్ వాళ్ళు దాని ఖాళీల్లో మైనం లాంటి పదార్థం కూడా కలిపారు. పగలు వేడికి అది కరుగుతూ వేడిని తనలో దాచుకుంటుంది. రాత్రి చల్లబడి గట్టిపడేటప్పుడు ఆ వేడిని వదులుతుంది. ఐసు గడ్డ కరిగేదాకా నీళ్ళు చల్లగా ఉంచినట్టు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వచ్చే వేడి పోటును ఇది సాయంత్రానికి జరపగలిగితే లాభమే.

పట్నం వాళ్ళ ఏసీ గోల మనకెందుకు అనుకోవద్దు. పట్నంలో మధ్యాహ్నం ఏసీలన్నీ ఒక్కసారి మొదలైతే లోడు పెరుగుతుంది. లోడు పెరిగితే మొదట కోత పడేది మన వ్యవసాయ ఫీడరు మీదే. బోరు కింద వరి ఎండేది మనకే. 2000 సంవత్సరం ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల పోరాటంలో ప్రాణాలు పోయిన నేల మనది. భవనాల్లో కరెంటు దుబారా తగ్గించాలని 2007లో కేంద్రం ఇంధన పొదుపు భవన నిబంధనలు తెచ్చింది. 2018లో ఇళ్ళకు కూడా ఎకో నివాస్ సంహిత అని తెచ్చింది. అయినా పడమటి ఎండకు నిండా గాజు తొడిగి, లోపల పగలూ రాత్రీ ఏసీ తిప్పే అద్దాల మేడలు కడుతూనే ఉన్నారు. రైతు మోటారుకు మీటరు పెట్టాలని మాట్లాడేవాళ్ళు ముందు ఆ మేడల లెక్క చూడాలని మన సంఘం అడగాలి.

కర్ర ఎంత పడుతుంది?

ఇది మన అసలు లెక్క, జాగ్రత్తగా వినండి. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం పలక తీసుకుందాం. అది రెండు లీటర్ల చోటు పడుతుంది. సుబాబుల్ లాంటి గట్టి కర్ర ఎండితే ఆ రెండు లీటర్లు కిలోంపావు అనుకోండి. పొర తీసేటప్పుడు, కోసేటప్పుడు సగం పోయిందనుకున్నా రెండున్నర కిలోల ఎండు కర్ర. పచ్చి కర్రలో సగం నీళ్ళే అనుకుంటే ఐదు కిలోల పచ్చి కర్ర. లెక్క కోసం టన్ను ఐదు వేల రూపాయలు అనుకుందాం. ఒక చదరపు మీటరు పలకకు రైతుకు వచ్చేది 25 రూపాయలు. ఆ పలకను ఎంతకు అమ్ముకున్నా మన వంతు ఆ 25 రూపాయల దగ్గరే.

సరే, గిరాకీ బాగా ఉంటుందేమో చూద్దాం. దేశంలో ఏడాదికి పది లక్షల చదరపు మీటర్ల పలకలు చేశారనుకోండి. దానికి కావలసిన పచ్చి కర్ర ఐదు వేల టన్నులు. ఎకరాకు ముప్పై టన్నులు దిగుబడి లెక్కన 170 ఎకరాల కోత కూడా కాదు. మన మండలంలో ఒక్క ఊరి చెట్లు చాలు. దేశం మొత్తానికి పది లక్షల చదరపు మీటర్లు చేసినా ఒక్క ఊరి చెట్లు సరిపోతే, ఆ గిరాకీ కర్ర ధరను ఎక్కడ లేపుతుంది?

ఇంకో సంగతి. పేరు చెక్క అయినా దాంట్లో సగానికి పైగా ప్లాస్టిక్ జిగురే. చాలా ప్రయోగాలకు వాడిన బాల్సా కర్ర చాలా తేలిక, ఘనపు మీటరు 160 కిలోల చుట్టూ ఉంటుంది. దాంట్లో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు ఖాళీ. ఆ ఖాళీ అంతా నింపేది జిగురే. మన సుబాబుల్ గట్టి కర్ర గనక పీచు మూడో వంతు దాకా ఉంటుంది. అయినా జిగురే ఎక్కువ. లాభం ఎక్కువగా జిగురు చేసేవాడికి, మందు అమ్మేవాడికి, పేటెంటు ఉన్నవాడికి పోతుంది.

మరి ఎలాంటి కర్ర కావాలి? పొరలు తీయడానికి తిన్నగా, లావుగా, ముడి లేని దుంగ కావాలి. ప్లైవుడ్ వాళ్ళు అడిగేది ఇలాంటి దుంగే. హర్యానాలో యమునానగర్ చుట్టూ రైతులు పోప్లర్ పెంచి ప్లైవుడ్ మిల్లులకు ఇస్తారు. మనం పేపరు మిల్లు కోసం నాలుగేళ్ళకే కొట్టే సన్నకర్ర దానికి పనికిరాదు. లావు చేయాలంటే ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగాలి. ఆ ఏళ్ళ కౌలు ఎవరు కడతారు? వడ్డీ ఎవరు కడతారు?

బాల్సా రైతుల కథ

ఈ బాల్సా కర్రకు ఒక కథ ఉంది, మనం తెలుసుకోవాల్సిన కథ. ప్రపంచానికి బాల్సా ఎక్కువగా వచ్చేది దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి. గాలిమరల పెద్ద రెక్కల లోపల ఈ కర్ర పెడతారు. 2019, 20 సంవత్సరాల్లో చైనాలో గాలిమరలు జోరుగా కట్టారు. బాల్సా ధర రెట్టింపు దాటింది. తోటలు చాలక, ఆదివాసుల అడవుల్లో, నదుల లంకల్లో చెట్లు నరికారు. జనం ఉన్న పంటలు తీసేసి బాల్సా నాటారు. అంతలో రెక్కలు చేసే కంపెనీలు కర్ర బదులు ప్లాస్టిక్ నురగ వైపు మళ్ళాయి. గిరాకీ పడిపోయింది. కంపెనీ తన సరుకు ఆరు నెలల్లో మార్చుకోగలదు. రైతు నాటిన చెట్టును ఆరు నెలల్లో మార్చుకోలేడు.

అంత దూరం ఎందుకు, మన నేల మీదే చూశాం. తొంభైల్లో టేకు ప్లాంటేషన్ కంపెనీలు వచ్చాయి, యూనిట్లు అమ్మి మాయమయ్యాయి. తర్వాత అడవి ఆముదం, అదే జట్రోఫా వచ్చింది. బంజరులో డీజిల్ పండుతుందన్నారు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానంలో 2017 కల్లా నూటికి 20 పాళ్ళు కలపాలని రాసుకున్నారు. మన మెట్టల్లో నాటిన మొక్కలు చాలా చోట్ల కాయకుండానే పోయాయి. తర్వాత ఈము పక్షులు వచ్చాయి. గుడ్డు కొంటామన్నవాళ్ళ ఫోన్లు మూగబోయాయి. ప్రతిసారీ మొదట చూపించింది ఒక నిజమైన సైన్సే. టేకు నిజం, నూనె గింజ నిజం, పక్షి నిజం. కొనే వాడు మాత్రం అబద్ధం.

సుబాబుల్ సంగతి మాత్రం? పశువుకు మేత, పొయ్యికి కట్టె అని మెచ్చుకుంటూ ఇచ్చారు. చివరికి పేపరు మిల్లు కర్రగా నిలిచింది. దాంతో పట్నాల్లో ఉన్న భూస్వాములు కౌలు రైతును మాన్పించి చెట్లు నాటి పోయారు. కౌలు రైతుకు భూమి పోయింది, కూలీలకు పనిరోజులు పోయాయి. నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక కర్ర డిపోకు రెండు లారీలు పంపాను. ఊరి కాటాకు, డిపో కాటాకు టన్నుకు పైగా తేడా వచ్చింది. తేమ అన్నారు, బెరడు అన్నారు. డబ్బులు ఏడు నెలలకు వచ్చాయి, అదీ మూడు ముక్కలుగా. మీలో చాలామందికి ఇదే అనుభవం. ఉన్న కర్రకే తూకం, ధర, చెల్లింపు సరిగ్గా లేకపోతే, రేపటి గాజు చెక్కకు మాత్రం ఉంటాయా?

మనం ఏం చేయాలి, ఏం అడగాలి

అలాగని సైన్సును తిట్టుకుంటూ కూర్చోమని నేను చెప్పడంలేదు. కర్ర కాగితానికి తప్ప ఇంకో పనికి వస్తుందంటే మంచిదే. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడేకంటే ఇద్దరు ఉంటే మేలు. దానికి మన ప్రతిపాదనలు ఇవి.

మొదటిది. కొత్త చెట్టు, కొత్త మొక్క, కొనుగోలు ఒప్పందం అని ఎవరు వచ్చినా సంతకం పెట్టేముందు సంఘానికి కాగితం చూపించండి. కొనేది ఎవరు? ఇప్పుడు ఆ సరుకు చేసే ఫ్యాక్టరీ ఎక్కడ నడుస్తోంది? ధర అంకెల్లో రాశారా, "మార్కెట్ ధర" అని రాశారా? తూకం ఎక్కడ? డబ్బు ఎన్ని రోజుల్లో, ఆలస్యానికి వడ్డీ ఎంత? కంపెనీ మూతపడితే ఎవరు పూచీ? ఈ ఆరింటికి జవాబు రాకపోతే సంతకం వద్దు. 2020లో తెచ్చిన ఒప్పంద వ్యవసాయ చట్టంలో గొడవ వస్తే సివిల్ కోర్టుకు పోకుండా ఎస్‌డీఎం దగ్గరికి పొమ్మన్నారు. ఏడాదికి పైగా పోరాడి 2021లో దాన్ని రద్దు చేయించుకున్నాం. అదే పని ఇప్పుడు వెనక దారిన కాగితం మీద చేయించుకోనివ్వద్దు.

రెండోది. పేపరు కర్ర కొనుగోళ్ళు మార్కెట్ కమిటీ కాటా మీద, ప్రకటించిన ధరకు, రసీదుతో జరగాలి. చెల్లింపు పదిహేను రోజుల్లో రావాలి. కౌలు రైతు చెట్టు నాటితే ఆ చెట్టు మీద హక్కు కాగితం ఉండాలి.

మూడోది. పరిశోధన ప్రభుత్వ సొమ్ముతో, మన చెట్ల మీద జరగాలి. బెంగళూరులో కలప శాస్త్ర సాంకేతిక సంస్థ ఉంది, డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధనా సంస్థ ఉంది, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. సుబాబుల్, జామాయిల్, సరుగుడు, మలబార్ వేప - వీటిలో ఏది పొర తీయడానికి పనికొస్తుందో, ఎన్నేళ్ళకు కొట్టాలో వాళ్ళు తేల్చి తెలుగులో చెప్పాలి. నిమ్మ, బత్తాయి తొక్కల నూనెకు ఇక్కడ పని ఉందేమో కూడా చూడాలి. ప్రజల డబ్బుతో కనుక్కున్నది ప్రజల చేతిలో ఉండాలి, ఒక కంపెనీ పేటెంటు కింద పోకూడదు.

నాలుగోది. లిగ్నిన్ తీసిన మందునీళ్ళు ఎక్కడికి పోతాయో ముందే అడగాలి. పట్నం కిటికీ కోసం మన వాగు నల్లబడకూడదు.

ఐదోది. ఊళ్ళో కట్టే బడికి, రైతు సేవా కేంద్రానికి, గోడౌన్‌కు డాబా మీద తెల్ల సున్నం, కిటికీకి చూరు, వెలుగుకు గాజు పెంకు ఈ ఏడాదే పెట్టమని పంచాయతీలో తీర్మానం చేయించాలి. కరెంటు ఆదాకు ప్రయోగశాల దాకా ఆగక్కర్లేదు.

మిత్రులారా, ఆ వీడియో చూసినప్పుడు ఆశ్చర్యపోవడంలో తప్పులేదు. మనిషి తెలివి గొప్పది. కానీ చెట్టు నాటేది మన పొలంలో, మన అప్పుతో, మన ఐదారేళ్ళతో. అందుకని మొక్కలకు అడ్వాన్సు ఇవ్వాలనుకున్న సోదరుణ్ణి కోరేది ఒకటే. ఆ డబ్బు ఇంట్లో ఉంచు, ఆ కాగితం సంఘం ఆఫీసుకు తీసుకురా, కూర్చుని చదువుదాం. చెట్టు కోతకు వచ్చిన వాళ్ళు వీడియో కోసం ఆపొద్దు. వచ్చే నెల పదిహేనున కర్ర తూకం, బకాయిల మీద కలెక్టరుకు ఇచ్చే అర్జీకి మీ మీ రసీదులు, కాటా చీటీలు తీసుకుని రండి. చేతిలో చీటీ ఉంటేనే మన మాట నిలబడుతుంది.

రైతు కూలీ ఐక్యత వర్ధిల్లాలి. సెలవు.